ఉద్యోగ ఇంటర్వ్యూ: ఖమ్మం – భద్రాచలం మన్యంలో

ఉద్యోగానికి మనిషిని తీసుకునే ముందు యజమానో, ఎంపిక మండలో అభ్యర్థిని పిలిచి, మాట్లాడి, అంచనా వేసే పద్ధతిని ఇంటర్వ్యూ అంటారు. ప్రభుత్వ నోటిఫికేషన్లలో దీన్నే మౌఖిక పరీక్ష అని రాస్తారు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్ అడవుల దాకా సాగే ఈ ప్రాంతంలో మాత్రం ‘ఇంటర్వ్యూకి పిలిచారు’ అన్న ఒక్క మాట నాలుగు వేర్వేరు పనులకు వాడుకలో ఉంది. సర్టిఫికెట్ల పరిశీలనను ఇంటర్వ్యూ అంటారు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంగణంలో జరిగే జాబ్ మేళానూ అదే మాటతో పిలుస్తారు. గురుకులంలో పాఠం చెప్పి చూపించడమూ ఇంటర్వ్యూయే, బల్లకు అటువైపు ముగ్గురు నలుగురు కూర్చుని ప్రశ్నలడగడమూ ఇంటర్వ్యూయే. దేనికి పిలిచారో ముందే తెలుసుకోకుండా వెళ్లడం వల్ల ఇక్కడి యువత ఎక్కువగా నష్టపోతోంది.

పిలిచేది ఎవరు?

ఈ అడవి అంచున పరిశ్రమలు తక్కువేమీ కాదు. ఇల్లెందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి కొత్తగూడెం ప్రధాన కేంద్రం. పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం, ఎన్ఎండీసీ స్పాంజ్ ఐరన్ యూనిట్, నవభారత్ ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉన్నాయి. మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం, అశ్వాపురంలో భారజల కర్మాగారం నడుస్తున్నాయి. గోదావరికి ఈవల సారపాకలో భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో మొదలై తర్వాత ఐటీసీలో కలిసిన కాగితం మిల్లు ఉంది. ఖమ్మంలో 2020 డిసెంబరులో ఐటీ హబ్ తెరుచుకుంది.

నది దాటితే పెద్ద యజమాని ప్రభుత్వమే. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, భద్రాచలం ఏరియా ఆసుపత్రి, అటవీ శాఖ, పోలీసు శాఖ ఇక్కడి చదువుకున్న పిల్లలు ఆశపెట్టుకునే చోట్లు. వీటిలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, గెస్టు పోస్టులకు తరచూ పిలుపులు వస్తాయి. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు సరిహద్దుకు రెండువైపులా ఉన్నాయి. భద్రాచలం ఐటీడీఏ తెలంగాణలోను, చింతూరు ఐటీడీఏ ఆంధ్రప్రదేశ్‌లోను పనిచేస్తున్నాయి.

2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, వాటితోపాటు బూర్గంపాడు మండలంలోని కొన్ని ఊళ్లు, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం గుడి నుంచి కొద్ది దూరం నడిస్తే వచ్చే ఎటపాక ఇప్పుడు వేరే రాష్ట్రం. అన్నదమ్ముల పిల్లల్లో ఒకరు తెలంగాణ నోటిఫికేషన్‌కు, మరొకరు ఆంధ్ర నోటిఫికేషన్‌కు స్థానికులయ్యే పరిస్థితి ఇక్కడ మామూలే.

మౌఖికం తొలగిన ఉద్యోగాలు

ముందుగా తెలుసుకోవలసింది, చాలా ప్రభుత్వ ఉద్యోగాలకు ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. ప్రధానమంత్రి 2015 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ఈ ప్రతిపాదన చేశారు. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకు మౌఖిక పరీక్ష ఎత్తేశారు. తెలంగాణ మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో గ్రూప్–1, గ్రూప్–2 ఇంటర్వ్యూలను రద్దు చేసింది. అంతవరకు వెయ్యి మార్కులున్న గ్రూప్–1 ఎంపికలో ఇంటర్వ్యూకు ఉన్న వంద మార్కులు పోయి తొమ్మిది వందలు మిగిలాయి.

పోలీసు కానిస్టేబుల్‌కు రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్షే ఉంటాయి. 2024 డీఎస్సీలో రాత పరీక్షకు 80, టెట్‌కు 20 మార్కుల లెక్కన టీచర్లను ఎంపిక చేశారు. గ్రామీణ బ్యాంకుల్లో ఆఫీస్ అసిస్టెంటుకు ఇంటర్వ్యూ లేదు, ఆఫీసర్ పోస్టుకు ఉంది. చాలా ప్రభుత్వ రంగ బ్యాంకుల ప్రొబేషనరీ ఆఫీసర్ ఎంపికలో మెయిన్స్‌కు 80 శాతం, ఇంటర్వ్యూకు 20 శాతం విలువ ఇస్తారు. సివిల్ సర్వీసెస్‌లో మొత్తం 2,025 మార్కుల్లో ఇంటర్వ్యూవి 275.

ఈ తగ్గింపుల వెనక ఒక పాత తీర్పు బలం ఉంది. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల ప్రవేశాల్లో రాత పరీక్షకు వంద మార్కులు, మౌఖికానికి యాభై పెట్టారు. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాట్లాడి, తల్లిదండ్రుల గురించి, ఊరి గురించి అడిగి పంపేశారని విద్యార్థులు కోర్టుకెక్కారు. అజయ్ హాసియా కేసుగా పేరుపడిన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1980 నవంబరులో తీర్పు చెబుతూ, మౌఖికానికి 15 శాతానికి మించి మార్కులు కేటాయించడం సమంజసం కాదంది. పైరవీ చేయగలిగిన వాళ్లు లేని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఆ తీర్పు చేసిన మేలు చిన్నది కాదు.

సర్టిఫికెట్ల పరిశీలన

రాత పరీక్ష గట్టెక్కిన వాళ్లను పిలిచేది దీనికే. ఇక్కడ తెలివితేటల్ని ఎవరూ అడగరు, కాగితాలు అడుగుతారు. పదో తరగతి మెమో, ఇంటర్, డిగ్రీ పత్రాలు, కుల ధ్రువీకరణ, ఆధార్, ఫొటోలు, అన్నిటికీ రెండేసి జిరాక్స్ సెట్లు ఉండాలి. తెలంగాణ పోస్టులకైతే ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదివిన బడుల బోనఫైడ్‌లు తప్పనిసరి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో అక్కడే స్థానికత. భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలు నాలుగో జోన్ అయిన ‘భద్రాద్రి’లో ఉన్నాయి. ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులవే కాబట్టి ఈ బోనఫైడ్ కాగితం మీదే ఉద్యోగం ఆధారపడుతుంది.

మన్యం పిల్లల్లో చాలామంది రెండో తరగతి ఊళ్లో బడిలో, ఐదో తరగతి ఒక ఆశ్రమ పాఠశాలలో, ఏడో తరగతి మరో గురుకులంలో చదివి ఉంటారు. ఊరి బడి ఈలోగా మూతపడి ఉండవచ్చు, లేదా మండలంతో సహా రాష్ట్రమే మారి ఉండవచ్చు. పిలుపు వచ్చాక వారం రోజుల్లో ఆ సంతకాలన్నీ తేవడం కష్టం. పేర్ల తేడా ఇంకో చిక్కు. మడకం, సోడె, కుంజా, పాయం వంటి ఇంటిపేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆధార్‌లో ఒక విధంగా, మెమోలో మరో విధంగా పడుతుంటాయి. ఏజెన్సీ ప్రాంతానికి ప్రత్యేకించిన పోస్టులకు ఏజెన్సీ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఇవన్నీ దరఖాస్తు పెట్టిన నాడే సిద్ధం చేసుకోవలసినవి.

ఏజెన్సీలో టీచర్ పోస్టుల కథ వేరు. 1986లో జీవో 275 ఆ పోస్టులను గిరిజనులకు కేటాయించింది. అది న్యాయస్థానాల్లో నిలవకపోగా, 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 వాటిని నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే ఇచ్చింది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న దాన్ని కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కాపాడింది. ఒకటో తరగతి కోయ పిల్లవాడితో వాడి మాటలోనే మాట్లాడగల టీచరు కావాలన్న అవసరం తీర్పుతో తీరిపోలేదు. అందుకే ఆదివాసీ సంఘాలు ఇప్పటికీ చట్టం కోసం అడుగుతున్నాయి.

జాబ్ మేళా

ప్రైవేటు ఉద్యోగాలకు ఇక్కడి ప్రధాన ద్వారం జాబ్ మేళా. ఐటీడీఏ, జిల్లా ఉపాధి కార్యాలయం, కళాశాలలు, పోలీసు శాఖ కూడా వీటిని నిర్వహిస్తుంటాయి. ఒక హాలులో వరసగా బల్లలు వేస్తారు. ఒక్కో బల్ల మీద ఒక కంపెనీ పేరు ఉంటుంది. భద్రతా సిబ్బంది, దుకాణాల్లో అమ్మకాలు, హోటళ్లు, ఫార్మా కంపెనీల ప్యాకింగ్, కాల్ సెంటర్లు, ఇంటింటికీ సరుకుల చేరవేత ఎక్కువగా కనిపించే పనులు. అభ్యర్థి పేరు నమోదు చేసుకుని, బయోడేటా పట్టుకుని వరసలో నిలబడాలి. బల్ల దగ్గర గడిపే సమయం చాలా తక్కువ.

అక్కడ అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే, ‘మీ గురించి చెప్పండి’. పేరు, ఊరు, చదువు, చేసిన పని, ఈ పని ఎందుకు కావాలనుకుంటున్నారో ఐదారు వాక్యాల్లో చెబితే చాలు. ఇంగ్లీషులో బట్టీ పట్టిన పేరా మధ్యలో తెగిపోతే మనిషి బిగుసుకుపోతాడు. ‘తెలుగులో చెప్పవచ్చా?’ అని అడగడంలో తప్పు లేదు, చాలామంది ఒప్పుకుంటారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న: ‘హైదరాబాదులో ఉండగలరా? రాత్రి షిఫ్టు చేస్తారా?’ నిజానికి ఆ బల్ల దగ్గర తేలేది ఇదే. ఇంట్లో ముందే మాట్లాడుకుని వచ్చిన వాళ్లు సూటిగా జవాబు చెబుతారు.

2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ యువతకు ఉచిత శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపిస్తారు. మహిళలకు, దివ్యాంగులకు, ఆదిమ తెగలకు ఈ వయసు 45 దాకా ఉంది. దమ్మపేట, అశ్వారావుపేట అడవుల్లో, గోదావరి ఒడ్డున ఉండే కొండరెడ్లు ఆదిమ తెగల్లోకే వస్తారు. శిక్షణ పొందిన వారిలో కనీసం 70 శాతం మందికి పని చూపించాలన్నది ఆ పథకం నిబంధన. కాబట్టి మేళాలో కంపెనీకి మనుషులు ఎంత అవసరమో, శిక్షణ సంస్థకు నియామకాలు అంతే అవసరం. జీతం, వసతి, సెలవుల గురించి అడగడానికి అభ్యర్థి వెనకాడనక్కర్లేదు.

చేసి చూపించే ఇంటర్వ్యూ

గురుకులంలో గెస్టు టీచరుకో, డిగ్రీ కళాశాలలో గెస్టు లెక్చరరుకో పిలుపు వస్తే డెమో తరగతి ఉంటుంది. డిగ్రీ కళాశాలకు పీజీలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులు అడుగుతారు. ప్రిన్సిపాలు, సబ్జెక్టు తెలిసిన ఒకరిద్దరు బెంచీల మీద కూర్చుంటారు. కొన్ని చోట్ల పిల్లల్నీ కూర్చోబెడతారు. అభ్యర్థి సుద్ద ముక్క తీసుకుని పాఠం పేరు బోర్డు మీద రాయడంతోనే పరీక్ష మొదలవుతుంది. రాత చివరి బెంచీకి కనిపిస్తోందా, వీపు తిప్పి బోర్డుతోనే మాట్లాడుతున్నారా, ఐదు నిమిషాలకోసారైనా పిల్లల్ని ప్రశ్న అడిగారా, ఉదాహరణ ఎక్కడి నుంచి తెచ్చారు అన్నవి చూస్తారు. కిరణజన్య సంయోగక్రియ చెప్పేటప్పుడు కిటికీ బయటి ఇప్పచెట్టు ఆకు కోసి చూపించిన టీచరుకు పుస్తకం చదివి వినిపించిన వాళ్లకంటే ఎక్కువ మార్కులు పడటం న్యాయమే.

బొగ్గుబావుల్లో చేసి చూపించే పరీక్షకు ప్రాణాలతో ముడి ఉంది. మైనింగ్ సర్దార్, ఓవర్‌మ్యాన్ కావాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే సర్టిఫికెట్లు కావాలి. వాటికి ప్రథమ చికిత్స, గ్యాస్ పరీక్ష అర్హతలు కూడా ఉండాలి. గ్యాస్ పరీక్షలో రక్షక దీపం వత్తి తగ్గిస్తారు. గాలిలో మీథేన్ ఉంటే చిన్న మంట చుట్టూ, పైన లేత నీలి రంగు కొస కనబడుతుంది. ఆ కొస ఎత్తును బట్టి గ్యాస్ ఎంత శాతముందో అభ్యర్థి చెప్పాలి. కొత్తగూడెంలో 1978లో మొదలైన స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివిన ఇంజినీర్లు కూడా ఈ రంగంలో బాధ్యత గల స్థానాలకు చేరాలంటే ఇలాంటి చట్టబద్ధ పరీక్షలు దాటవలసిందే. వెల్డరుకు, డ్రైవరుకు, ఎలక్ట్రీషియన్‌కు ట్రేడ్ టెస్ట్ పెట్టేదీ ఇందుకే. వెల్డరు మాటకారా కాదా అన్నది ఎవరికీ పట్టదు, అతికిన ముక్క నిలిచిందా లేదా అన్నదే చూస్తారు.

మాట్లాడే భాష

ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. ఈ మూడు మెట్లు ఎక్కిన పిల్లలను ఇంగ్లీషు తడబాటు ఒక్కదానితో తూకం వేయడం అన్యాయం. లంబాడా తండాల నుంచి వచ్చే పిల్లలదీ ఇదే పరిస్థితి.

నియమాలు మాత్రం కొంత వెసులుబాటు ఇస్తున్నాయి. సివిల్ సర్వీసెస్ మెయిన్స్ తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతానికి చెందిన రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ తెలుగు మాధ్యమంలోనే పరీక్ష రాసి, 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు సాధించారు. ఢిల్లీలో కూర్చున్న మండలికి తెలుగు జవాబు సరిపోయినప్పుడు కొత్తగూడెంలో స్టోర్ కీపర్ ఉద్యోగానికి ఇంగ్లీషు ఉపన్యాసం అడగడంలో అర్థం లేదు. పైగా ఈ సరిహద్దులో ఆరోగ్య కార్యకర్తకు, అటవీ బీటు సిబ్బందికి, పోలీసుకు కోయ రావడం అదనపు అర్హత. బయోడేటాలో భాషల గడిలో కోయ రాయడానికి సంకోచించేవారు ఎందరో ఉన్నారు. అది ముందు వరసలో రాసుకోవలసిన మాట.

పరిశోధనలు తేల్చింది

ఇంటర్వ్యూను నమ్మవచ్చా అన్న ప్రశ్న వందేళ్ల నాటిది. 1910ల్లో అమెరికా మనస్తత్వవేత్త వాల్టర్ డిల్ స్కాట్, అమ్మకాల ఉద్యోగానికి వచ్చిన ఒకే అభ్యర్థులను వేర్వేరు మేనేజర్ల చేత ఇంటర్వ్యూ చేయించారు. ఒకరు మెచ్చిన వ్యక్తిని మరొకరు అడుగుకు తోశారు. 1921లో థామస్ ఎడిసన్ తన దగ్గర చేరగోరేవారికి వందకు పైగా ప్రశ్నలతో పరీక్ష పెడితే, వాటికీ చేయవలసిన పనికీ సంబంధమేమిటని పత్రికల్లో దుమారం లేచింది.

ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను క్రోడీకరించి 1998లో ఒక సంగతి తేల్చారు. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో, ముందే రాసుకున్న మార్కుల పద్ధతితో అడిగే ఇంటర్వ్యూ, నోటికొచ్చినట్టు అడిగేదానికంటే మనిషి పనితీరును బాగా పట్టిస్తుంది. 2022లో సాకెట్ బృందం పాత లెక్కలను సరిదిద్దినప్పుడు కూడా క్రమబద్ధమైన ఇంటర్వ్యూయే పట్టికలో పైన నిలిచింది. పని చేయించి చూసే పరీక్షలకూ మంచి విలువ ఉందని తేలింది. గురుకులం డెమో, వెల్డరు ట్రేడ్ టెస్ట్ సరైన దారిలోనే ఉన్నాయన్నమాట. ముఖం చూసి, మాట విని రెండు నిమిషాల్లో తేల్చేసే మేళా బల్ల మాత్రం మారాలి.

దారి, రోజు, నది

రైల్వే పటంలో ‘భద్రాచలం రోడ్’ అని ఉన్న స్టేషను కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు, బస్సులో వెళ్లాలి. బయటి ఊళ్ల నుంచి కాంట్రాక్టు డాక్టరు పోస్టుకో, లెక్చరరు పోస్టుకో వచ్చేవారు దీన్ని లెక్కలో పెట్టుకోవాలి. చర్ల, దుమ్ముగూడెం లోపలి ఊళ్ల వాళ్లు పొద్దున్నే పది గంటలకు ఖమ్మంలో ఉండాలంటే ముందురోజే బయల్దేరాలి.

జులై, ఆగస్టుల్లో గోదావరి కూడా నిర్ణయిస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. వాగులు పొంగితే దారులు తెగిపోతాయి, సిగ్నల్ పోతే ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇవ్వడమూ కుదరదు. వరద రోజుల్లో పిలుపు వచ్చి వెళ్లలేకపోతే ఆ రోజే ఫోన్ ద్వారానో, మెసేజ్ ద్వారానో కారణం చెప్పి మరో తేదీ అడగాలి. వరద వల్ల రాలేకపోయిన వాళ్లకు ఇంకో రోజు ఇవ్వడం నిర్వాహకుల ధర్మం.

అడగకూడనివి, ఇవ్వకూడనివి

పెళ్లెప్పుడు, పిల్లలెందరు అన్న ప్రశ్నలు ఆడపిల్లలకే ఎదురవుతాయి. నియామకాల్లో స్త్రీల పట్ల వివక్షను 1976 నాటి సమాన వేతన చట్టమే నిషేధించింది. ఆ నిబంధన ఇప్పుడు వేతనాల కోడ్‌లో ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. ‘ఈ పనికి అది ఎలా అవసరమో చెబితే జవాబిస్తాను’ అని మర్యాదగా అనడం అభ్యర్థి హక్కు.

డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. సింగరేణిలో ఉద్యోగం ఇప్పిస్తామని, ఫలానా కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ పోస్టు ఉందని దళారులు తిరుగుతూనే ఉంటారు. వాళ్లను నమ్మవద్దని సింగరేణి యాజమాన్యం పదే పదే ప్రకటిస్తూనే ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లను చూపించాలి, నకళ్లు ఇవ్వాలి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా వదిలి రాకూడదు.

ఎంపికయ్యాక జీతం లెక్క అడిగి తెలుసుకోవాలి. మేళాలో చెప్పే అంకెకూ చేతికొచ్చే అంకెకూ తేడా ఉంటుంది. భవిష్య నిధికి ఉద్యోగి వాటా 12 శాతం, నెలకు 21 వేల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ వాటా 0.75 శాతం కోత పడతాయి. ఇవి ఉద్యోగి మేలుకే. హాస్టలు, భోజనం, యూనిఫాం పేరుతో ఇంకా ఏం కోస్తారో అడగాలి. నియామక పత్రం కాగితం మీద చూశాకే ఊరు కదలాలి.

ఈ ప్రాంతంలో నియామకాలు జరిపే సంస్థలు మూడు పనులు చేస్తే చాలు. ఏయే కాగితాలు కావాలో నోటిఫికేషన్ రోజే తెలుగులో ప్రకటించాలి. పనికి ఇంగ్లీషు అవసరం లేని చోట తెలుగులో, వీలైతే కోయలో మాట్లాడే మనిషిని బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఎంపిక కాని వారికి కూడా ఆ సంగతి ఫోన్ చేసి చెప్పాలి. ‘కబురు చేస్తాం’ అన్న మాట నమ్మి నెలల తరబడి వేరే పని చూసుకోకుండా ఎదురుచూసే యువకులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఉద్యోగం ఇవ్వలేకపోయినా ఆ జవాబు ఇవ్వడం ప్రతి సంస్థ చేయగలిగిన పనే, చేయవలసిన పనే.